ఇటలీలో ఆటగాడు ‘మిస్టర్’ కావాలంటే

ఇటలీలో పిల్లలు ఫుట్‌బాల్ కోచ్‌ని ‘మిస్టర్’ అని పిలుస్తారు. 1912లో జెనోవా జట్టుకు కోచ్‌గా వచ్చిన విలియం గార్బట్ అనే ఇంగ్లీషాయనతో ఈ పిలుపు మొదలైందని చెబుతారు. నేను మిలాన్‌కి చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. చర్చి పక్కన ఉండే ఒరటోరియో (చర్చి నడిపే పిల్లల కేంద్రం) మైదానంలో పదేళ్ల పిల్లాడు మొదటిసారి నన్ను ‘మిస్టర్’ అన్న రోజు ఇంటికొచ్చాక కూడా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. మీరూ ఆడటం ఆపేసి పిల్లలకు నేర్పాలనుకుంటుంటే, నాకు ఉపయోగపడినవి ఇవి.

ముందుగా, ఆటగాడిగా మొదలై కోచ్ అయిన సిమోనె ఇన్‌జాగి ఏ దారిలో వచ్చాడో చూడండి. రోమ్ నగరపు లాజియో క్లబ్ ఫార్వర్డ్‌గా 2000 మార్చిలో ఛాంపియన్స్ లీగ్‌లో ఫ్రాన్స్ జట్టు మార్సెయ్ మీద ఒకే మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. ఆ ఏడాదే జట్టుతో కలిసి ఇటలీ ఛాంపియన్ అయ్యాడు. 2010లో ఆట మానేశాక పెద్ద జట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. అదే క్లబ్‌లో ‘అల్లియేవి’ పిల్లల దగ్గరికి వెళ్లాడు. అంటే పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లు. తర్వాత ప్రిమవేరా, అంటే క్లబ్ కుర్రాళ్లలో పై స్థాయి జట్టుకి వెళ్లి 2014లో, 2015లో ఆ స్థాయి కొప్పా ఇటాలియా కప్పు గెలిపించాడు. 2016 ఏప్రిల్‌లో సీజన్ మధ్యలో కోచ్‌ని తీసేసినప్పుడు పెద్ద జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ వేసవిలో క్లబ్ కోచ్‌గా మార్సెలో బియెల్సాని ఎంచుకుంది. ఆయన రెండు రోజులకే తప్పుకున్నాడు, సిమోనె మళ్లీ వచ్చాడు. 2019లో పెద్ద జట్ల అసలు కొప్పా ఇటాలియా కూడా గెలిచాడు.

అన్న ఫిలిప్పో కథ వేరు. 2012లో ఆట ఆపి, రెండేళ్లు ఏసీ మిలాన్ క్లబ్ కుర్రాళ్లకు నేర్పాడు. 2014లో కుర్రాళ్ల జట్లు ఆడే వియారెజ్జో టోర్నీ గెలిపించాడు. వెంటనే మిలాన్ పెద్ద జట్టు ఇచ్చేశారు. పదో స్థానంలో ముగించి, ఒక్క సీజన్‌తో బయటికొచ్చాడు. తర్వాత మూడో డివిజన్‌లో ఉన్న వెనిస్ జట్టుని తీసుకుని 2017లో సీరీ బికి, అంటే రెండో డివిజన్‌కి, ఎక్కించాడు. ఆ పట్టుదలంటే నాకు చాలా గౌరవం. అయితే అన్నదమ్ముల మొదటి అడుగుల్లో తేడా తెలివిది కాదని నా నమ్మకం. ఒకాయనకి కుర్రాళ్ల మధ్య దాదాపు ఆరేళ్లు దొరికాయి, ఇంకొకాయనకి రెండే. కాబట్టి మొదటి జట్టు ఒప్పుకునేటప్పుడు కనీసం మూడేళ్లు ఉంటానని మనసులో అనుకునే ఒప్పుకోండి.

లైసెన్సుల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య టెక్నికల్ విభాగం ఫ్లోరెన్స్‌లోని కొవెర్చానోలో ఉంది. పిల్లల జట్లకు యూఏఫా (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) సి లైసెన్సు, ప్రిమవేరాకి యూఏఫా ఎ, అన్నిటికన్నా పై డివిజన్ సీరీ ఎకి యూఏఫా ప్రో కావాలి. కోర్సుల్లో సీట్లు తక్కువ, పాయింట్ల జాబితాతో ఎంపిక చేస్తారు. ఆడిన అనుభవానికే కాదు, చదువుకీ పాయింట్లుంటాయి. నోటిఫికేషన్ వచ్చిన రోజే పూర్తిగా చదవండి.

అసలు పని మైదానంలో మొదలవుతుంది. ఎసోర్దియెంతి, అంటే పది నుంచి పన్నెండేళ్ల పిల్లలతో మొదలుపెట్టమంటాను. బంతి నాలుగో సైజు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు ఆడతారు. ప్రతి భాగం సున్నా సున్నాతోనే మొదలవుతుంది. జాబితాలో ఉన్న ప్రతి పిల్లాడూ మొదటి రెండు భాగాల్లో ఒకటి పూర్తిగా ఆడి తీరాలి. చాలామంది మాజీ ఆటగాళ్లకు ఈ నియమం అడ్డంకిలా కనిపిస్తుంది. నాకైతే ఇదే అన్నిటికన్నా మంచి నియమం. బలహీనమైన పిల్లల్ని దాచిపెట్టే అవకాశం మనకు ఉండదు, వాళ్లకి నేర్పి తీరాలి.

ప్రాక్టీసు ‘టొరెల్లో’తో మొదలుపెట్టండి. ఆ మాటకి కోడెదూడ అని అర్థం. ఎనిమిది మీటర్ల చదరంలో నలుగురు పాస్‌లు ఇచ్చుకుంటారు, మధ్యలో ఉన్నవాడు బంతి లాక్కోవాలి. పాస్‌లు తెగిపోతూ ఉంటే పిల్లల్ని కోప్పడకండి, కోన్లు జరిపి చదరం పది మీటర్లు చేయండి. తేలికైపోతే రెండు టచ్‌లే అనండి, ఆ తర్వాత ఎడమ కాలే అనండి. ఎలా ఆడాలో మీరు చేసి చూపించకండి. మొదట్లో నేను చూపించేవాణ్ణి. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు, తర్వాత వాళ్లకి చేతనయ్యేది కాదు. ఇప్పుడు అప్పుడే నేర్చుకున్న పిల్లాణ్ణి పిలిచి చూపించమంటాను. వాడి తడబాటు కూడా మిగతావాళ్లకి కనబడాలి.

మ్యాచ్‌లో అరవడం మానుకోవడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. మొదటి సీజన్‌లో ‘ఇటివ్వు, అటివ్వు’ అని గీత పక్కనే పరుగెత్తేవాణ్ణి. ఒక శనివారం మా వింగర్ కాళ్ల దగ్గరికి బంతి వచ్చింది, ముందంతా ఖాళీ. వాడు గోల్ వైపు చూడకుండా తలతిప్పి నా వైపు చూశాడు. ఈలోగా ప్రత్యర్థి బంతి లాక్కుపోయాడు. తప్పు పూర్తిగా నాదే. ఆ తర్వాతి వారం నుంచి బెంచీ మీద చిన్న పుస్తకం పెట్టుకుని కూర్చుంటున్నాను. ఒక్కో పిల్లాడి గురించి ఒక్కటే రాస్తాను: ‘ఎడమ కాలితో రెండుసార్లు ప్రయత్నించాడు’, ‘గోల్ పడ్డాక కీపర్ దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు’. భాగానికీ భాగానికీ మధ్య ముందు వాళ్లనే మాట్లాడనివ్వండి. మీరు ఒక్క విషయమే చెప్పండి.

తల్లిదండ్రులతో సీజన్ మొదట్లోనే ఒకసారి కూర్చోండి. మ్యాచ్ అయిన వెంటనే ‘మావాడెందుకు అక్కడ ఆడాడు’ అని ఎవరైనా అడిగితే, రేపు మాట్లాడదామని మర్యాదగా చెప్పండి. టెన్షన్‌లో ఇచ్చిన జవాబు మళ్లీ వెనక్కి తీసుకోలేం.

ఇంకొకటి, మ్యాచ్ మొదలయ్యేలోపు గుండె ఆగితే షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఎక్కడుందో, దాన్ని వాడటం నేర్చుకున్న మనిషి వచ్చారో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఆ మనిషి రాకపోతే ఆట మొదలుపెట్టకండి, అవతలి జట్టు ఎంత దూరం నుంచి వచ్చినా సరే.