మూత్రాశయపు నొప్పి నెలల తరబడి వదలకపోతే

మూత్రాశయం నిండుతున్న కొద్దీ పొత్తికడుపులో నొప్పి పెరగడం, మూత్రవిసర్జన కాగానే కాస్త తెరిపి ఇచ్చి గంట తిరక్కముందే మళ్లీ మొదలవడం, రాత్రి పలుమార్లు లేవవలసి రావడం వంటి బాధలు 6 వారాలకు మించి కొనసాగుతూ, పరీక్షలో ఇన్‌ఫెక్షన్ ఏదీ కనబడకపోతే, వైద్యులు బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్‌ను అనుమానిస్తారు. దీన్నే ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అని కూడా అంటారు. ఇది స్త్రీలలోనే ఎక్కువ. పురుషులలో దీన్ని ప్రొస్టేట్ జబ్బుగా పొరబడటం కద్దు.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మూత్రంలో మంట అనగానే వేడి చేసిందని నిమ్మరసం తాగించడం, తగ్గకపోతే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగడం మామూలే. ఈ జబ్బులో నిమ్మపులుపు చాలామందికి నొప్పిని పెంచుతుంది. సూక్ష్మజీవులే లేని చోట యాంటీబయాటిక్ చేసే మేలు లేదు. అందువల్ల మాత్ర వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కు, అంటే మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకు ఇవ్వడం అన్నిటికన్నా ముఖ్యం. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను మాత్రమే ల్యాబువారిచ్చిన సీసాలో పట్టి, వెంటనే అందజేయాలి. కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా చీము కణాలు కనబడుతుంటే, మన దేశంలో క్షయ ఎక్కువ కాబట్టి, మూత్రంలో క్షయ పరీక్ష అవసరమా అని వైద్యుణ్ణి అడగండి. రక్తం పడితే మాత్రం ఒక్కసారే అయినా ఉపేక్షించకుండా యూరాలజిస్టుకు చూపించాలి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. చలిజ్వరం, నడుము పక్కన తీవ్రమైన నొప్పి, మూత్రం పూర్తిగా ఆగిపోవడం అత్యవసరాలు.

తరువాత 3 రోజులపాటు ఒక నోటుపుస్తకంలో మూత్రానికి వెళ్లిన వేళ, కొలగ్లాసులో పట్టిన పరిమాణం, 10కి ఎంత నొప్పి, అంతకుముందు ఏం తిన్నారు, ఏం తాగారు అన్నవి రాయండి. ‘ఉదయం 7కు కాఫీ, 7.50కి 90 మి.లీ., నొప్పి 6’ అన్నంత క్లుప్తంగా ఉన్నా చాలు. వైద్యునికి పది మాటల్లో చెప్పలేనిది ఆ పేజీ చెబుతుంది.

ఆహారంలో కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, పుల్లని పండ్లు, టమాటా, పచ్చిమిరప సాధారణంగా నొప్పిని రేపుతాయి. మన ఇళ్లలో ఇబ్బంది రాగి సంగటితో కాదు, దానితో నంజుకునే కారం, చింతపండు దట్టించిన పులుసుకూరతోనే. అనుమానమున్నవన్నీ రెండు వారాలు మాని, ఆపై ఒక్కొక్కటే కొన్ని రోజుల ఎడంతో తిరిగి తిని చూడాలి. అందరికీ అన్నీ పడకపోవు; కాబట్టి కారణం లేకుండా ఏదీ శాశ్వతంగా మానకండి.

దర్శనం క్యూలో గంటల తరబడి ఉండాలనో, బస్సులో వెళ్లాలనో నీళ్లు తాగడం మానేసేవారు ఎందరో, ముఖ్యంగా స్త్రీలు. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి నొప్పి ఎక్కువవుతుంది. ఒకేసారి చెంబెడు కాకుండా, గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగడం మేలు.

నొప్పి నెమ్మదించిన రోజుల్లో, 45 నిమిషాలకొకసారి వెళ్లేవారు మరో 10 నిమిషాలు ఆగడం అలవరచుకుని, వారం వారం ఆ వ్యవధిని పెంచుకోవచ్చు. నొప్పిని ఓర్చుకుంటూ బిగబట్టడం మాత్రం తగదు. కటి కండరాలను బిగించే కెగెల్ వ్యాయామాలు ఈ జబ్బులో సాధారణంగా వద్దంటారు. కండరాలను వదులు చేయించే ఫిజియోథెరపీ కావాలి. ఇంట్లోనైతే మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, పొట్ట పైకి లేచేలా నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సంచిని పొత్తికడుపుపై ఉంచడం ఉపశమనమిస్తాయి.

వీటితో చాలనప్పుడు వైద్యులు పడుకునేముందు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇవ్వవచ్చు. మగత, నోరెండటం, మలబద్ధకం దాని ఇబ్బందులు. ఈ జబ్బుకే ఇచ్చే పెంటోసాన్ అనే మందు వాడితే కంటి పరీక్షలు చేయించుకోవాలి, ఎందుకంటే దీర్ఘకాలం వాడిన కొందరిలో రెటీనా దెబ్బతిన్నది. మూత్రాశయంలోకి సన్నని గొట్టం ద్వారా మందు ఎక్కించే పద్ధతీ ఉంది. సిస్టోస్కోపీలో, అంటే మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో, హన్నర్ పుండ్లు (ఈ జబ్బున్న కొందరికి మూత్రాశయపు గోడపై ఏర్పడేవి) కనబడితే, మత్తు ఇచ్చి వాటిని కాల్చడం వల్ల చాలామందికి నొప్పి బాగా తగ్గుతుంది. కొన్నాళ్లకు తిరగబెడితే మళ్లీ చేయవలసి రావచ్చు. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు నోటుపుస్తకంతోపాటు పాత కల్చర్ రిపోర్టులు, వాడిన మాత్రల అట్టలు అన్నీ వెంట తీసుకువెళ్లండి.