సెలవులకు ఇంటికొచ్చే అమెరికా విద్యార్థులకు: టికెట్ కొనకముందే చూసుకోవాల్సినవి

డిసెంబర్ దగ్గర పడుతోందంటే అమెరికాలో చదివే పిల్లల మనసు ఇంటి మీదికి మళ్లుతుంది. పెళ్లిళ్లు, ఆ వెంటనే సంక్రాంతి. చాలామంది ‘తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఏం అడుగుతారు?’ అని కంగారు పడతారు. నన్నడిగితే ఆ కంగారేదో టికెట్ కొనకముందే పడాలి. తిరుగు ప్రయాణంలో వచ్చే చిక్కుల్లో చాలావాటిని అక్కడినుంచి కదలకముందే సరిచేసుకోవచ్చు, ఇక్కడికొచ్చాక చేయగలిగింది తక్కువ.

ముందు పాస్‌పోర్టులో ఎఫ్-1 (విద్యార్థి) వీసా తేదీ చూడండి. గడువు తీరిపోయినా చదువు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అర్హత పత్రం) సక్రమంగా ఉన్నంతకాలం అమెరికాలో ఉండనిస్తారు. ఇండియాకు వచ్చారంటే మాత్రం తిరిగి వెళ్లడానికి మళ్లీ స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా) కావాల్సిందే. 2025 సెప్టెంబర్ 2 నుంచి విద్యార్థులకు డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా వీసా ఇచ్చే పద్ధతి) దాదాపుగా లేనట్టే. హైదరాబాద్‌లో అయితే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు వెళ్లి ఇంటర్వ్యూ ఇవ్వాలి. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా ఉంచమంటున్నారు, వాటిని తిరగేసి చూస్తున్నారు. అన్నీ సరిగ్గా ఉన్నా 221(జీ) కాగితం (వీసా ఇంకా తేల్చలేదని చెప్పే నోటీసు) చేతిలో పెడితే వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఈలోపు జనవరిలో తరగతులు మొదలైపోతాయి. అందుకే ఇంటర్వ్యూ స్లాట్ ఖాయం కాకుండా టికెట్ కొనొద్దు. సొంత అక్క పెళ్లో, పెద్దవాళ్ల అనారోగ్యమో అయితే ఎవరూ ఆపలేరు. కేవలం పండగ కోసమైతే, స్టాంపింగ్ అవసరమున్నవాళ్లు వేసవి సెలవులదాకా ఆగడమే మంచిదని నా అభిప్రాయం. తల్లిదండ్రులకూ ఇదే విన్నపం, ‘ఒక్కసారి వచ్చి వెళ్లరా’ అని ఒత్తిడి చేసేముందు వాళ్ల వీసా తేదీ అడగండి.

వీసా గడువు తీరినవాళ్లు ఇండియాకు వచ్చే దారి కూడా చూసుకోవాలి. యూరప్‌లో కొన్నిచోట్ల, చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటేనే మనవాళ్లకు ట్రాన్సిట్ వీసా మినహాయింపు. ఆ సంగతి తెలియక చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఐ-20 రెండో పేజీలో డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ట్రావెల్ సంతకం ఉండాలి. చదువుతున్నవాళ్లకు అది 12 నెలలు, ఓపీటీలో (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే తాత్కాలిక అనుమతి) ఉన్నవాళ్లకు 6 నెలలు చెల్లుతుంది. లెక్క తిరిగి అడుగుపెట్టే రోజుకు వేసుకోవాలి. క్రిస్మస్‌కు యూనివర్సిటీ ఆఫీసులు మూసేస్తారు కాబట్టి నవంబర్‌లోనే అడగండి. అప్పుడే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) రికార్డు యాక్టివ్‌గా ఉందో లేదో కూడా చూసి చెప్పమనండి. 2025 ఏప్రిల్‌లో వేలాది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దు చేసి, కోర్టు కేసుల తర్వాత పునరుద్ధరించారు. వాళ్లలో చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లూ ఉన్నారు. రికార్డు తిరిగొచ్చినా వీసా రద్దయి ఉంటే దాంతో మళ్లీ లోపలికి రావడం కుదరదు. కాబట్టి పోలీసు కేసు ఏదైనా, కొట్టేసినదైనా సరే, ఉంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. కోర్టు కాగితాల సర్టిఫైడ్ కాపీలు వెంట ఉంచుకోండి.

అందరికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఓపీటీవాళ్లు. ఈఏడీ కార్డు (పని అనుమతి కార్డు), ఉద్యోగం ఉన్నట్టు కంపెనీ లెటర్, ఈమధ్య పే స్లిప్పులు దగ్గరుండాలి. కంపెనీ మంజూరు చేసిన సెలవులో ఉంటే ఫరవాలేదు. ఉద్యోగం లేకుండా ఇండియాలో గడిపిన రోజులు మాత్రం ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే 90 రోజుల గడువులోనే కలుస్తాయి. ఓపీటీ వచ్చీ ఉద్యోగం దొరకనివాళ్లు ప్రయాణం మానుకోవడమే మేలు. హెచ్-1బీకి (ఉద్యోగ వీసా) స్టేటస్ మార్పు అడిగి, అది తేలకముందే దేశం దాటితే ఆ అభ్యర్థన వదులుకున్నట్టే లెక్క.

కాగితాలన్నీ చేతి సంచిలోనే పెట్టుకోండి. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది, లగేజీలో వేసిన ఐ-20 అప్పుడు చేతికందదు. కనెక్షన్‌కు తగినంత వ్యవధి కూడా ఉండాలి. అమ్మ కట్టిచ్చే వాటిలో పచ్చి కరివేపాకు, పండ్లు, చికెన్, మటన్ పచ్చళ్లు వద్దని చెప్పండి. ఆవకాయ, పొడులు, స్వీట్లు ఉంటే డిక్లేర్ చేయండి. చెప్పి చూపిస్తే, కుదరనివి తీసేసుకుంటారు. దాచి దొరికితే జరిమానా.

అధికారి ముందు నిజమే చెప్పండి, అడిగినంతే చెప్పండి. ఫోన్ తీసి చూసే అధికారం వాళ్లకుంది. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే ఆ చాటింగులు, డబ్బు బదిలీలు అక్కడ బయటపడొచ్చు. వాటిని చెరిపేయడం పరిష్కారం కాదు, ఆ పనికి పోకపోవడమే. అబద్ధం చెబితే జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోవచ్చు. సెకండరీకి (పక్కకు తీసుకెళ్లి చేసే అదనపు తనిఖీకి) పంపితే బెదరకండి, చాలామందిని కాగితాలు సరిచూసి వదిలేస్తారు. ఇంగ్లిష్‌లో తడబడుతుంటే తెలుగు దుబాసీని అడగొచ్చు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకండి. ‘ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్’ (అక్కడికక్కడే వెనక్కి పంపేసే ఉత్తర్వు) అయితే ఐదేళ్ల నిషేధం పడుతుంది. ప్రవేశ అభ్యర్థన ఉపసంహరించుకుని తిరిగి వెళ్లనిస్తే ఆ నిషేధం ఉండదు. దానికి ఒప్పుకోవడం అధికారి ఇష్టమే అయినా, అడిగి చూడాలి.

గదికి చేరాక పడుకునేముందు ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదయ్యే రికార్డు) వెబ్‌సైట్‌లో మీ రికార్డు తెరవండి. ఎఫ్-1 అని, గడువు దగ్గర డీ/ఎస్ (స్టేటస్ ఉన్నంతకాలం ఉండొచ్చని అర్థం) అని ఉందో లేదో చూడండి. దాని బదులు ఏదైనా తేదీ కనిపిస్తే ఆ పేజీ సేవ్ చేసి, మర్నాడే డీఎస్‌ఓకు పంపండి.