సమానమైన ప్రభుత్వ విద్య కోసం భక్త సంఘం పనిచేయవలసిన తీరు

దేవుని ముందు మనుషులందరూ సమానులేనని ప్రతి వారం వినే సంఘం, తన పిల్లలకు అందే చదువు పక్కవారి పిల్లలకు అందేదానికంటే నాసిగా ఉందని గ్రహించినప్పుడు ఎలా కదలాలో నేర్చుకోవడానికి అమెరికాలోని దక్షిణ కరొలైనా రాష్ట్రపు క్లారెండన్ కౌంటీని మించిన పాఠం నాకు కనిపించలేదు. పాస్టరూ ఉపాధ్యాయుడూ అయిన జోసెఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్ డిలేన్ అక్కడి నల్లజాతి తల్లిదండ్రులను కూడగట్టడం వల్లనే బ్రిగ్స్ వర్సెస్ ఎలియట్ కేసు పుట్టింది. బడుల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని 1954లో సుప్రీంకోర్టు చెప్పిన బ్రౌన్ తీర్పులో అది భాగమైంది.

మొదట కొలవగలిగే ఒకే ఒక్క కోరికతో బయలుదేరాలి. 1947లో క్లారెండన్ తల్లిదండ్రులు అడిగింది పిల్లలను బడికి తీసుకువెళ్లే బస్సు మాత్రమే. తెల్లజాతి పిల్లలకు దాదాపు ముప్పై బస్సులుండగా వీరికి ఒక్కటీ లేదు. "మా బడి బాగోలేదు" అనే ఫిర్యాదుకు ఏ అధికారీ జవాబు చెప్పనవసరం లేదు. మన దేశంలోని 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి, మీ ఊళ్లో ఒక్కరే ఉన్నారు అంటే జవాబు చెప్పక తప్పదు. హాజరు పట్టిక, ఖాళీ పోస్టులు, వచ్చిన నిధుల వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

కాగితాలలో లోపం ఉండకూడదు. లీవై పియర్సన్ అనే రైతు బస్సు కోసం వేసిన దావా, ఆయన పన్ను కట్టే స్థలం మరో పాఠశాల పరిధిలోకి వస్తుందన్న కారణంతో 1948లో వీగిపోయింది. కాబట్టి సంతకం చేసే ప్రతి తల్లి, తండ్రి బిడ్డ ఆ బడిలోనే నమోదై ఉన్నదీ లేనిదీ ముందుగానే సరిచూడాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది సంతకం చేసినవారి రక్షణ మీద. పియర్సన్‌కు పంట అప్పు పుట్టలేదు. బ్రిగ్స్ కేసుకు మూలమైన 1949 అర్జీలో ముందు వరుసలో సంతకం చేసిన హ్యారీ బ్రిగ్స్ ఉద్యోగం పోయింది, ఆయన భార్య ఎలైజా పనీ పోయింది. 1951లో డిలేన్ ఇల్లు తగలబడింది. పాస్టరు మాట మీద నమ్మకంతో కూలివారు సంతకం పెడతారు. ఆ నమ్మకానికి సంఘం పూచీ పడకుండా వారిని ముందుకు నెట్టడం అన్యాయం. కనుక అర్జీ ఇవ్వక ముందే కొన్ని నెలల తిండి ఖర్చుకు సరిపడే నిధి, పని పోయినవారికి పని చూపే కుటుంబాల జాబితా, ఫీజు లేకుండా వాదించే న్యాయవాది, వేరే ఇంట్లో దాచిన పత్రాల నకళ్లు సిద్ధంగా ఉండాలి. ఎవరైనా వెనక్కి తగ్గితే వారిని సభలో నిందించకూడదు.

సమావేశం ప్రార్థనతో మొదలుకావచ్చు గానీ అర్జీ మాత్రం చట్టం భాషలోనే ఉండాలి. ఇతర మతాల కుటుంబాలను మొదటి రోజే పిలవండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధను రాజ్యాంగం 28వ అధికరణం నిషేధిస్తుంది; సాయం పేరుతో ఆ గీత దాటితే పోరాటమే పలచబడిపోతుంది.

అర్జీని ముందుగా పాఠశాల యాజమాన్య కమిటీలో పెట్టించాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కావాలని, సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలని చట్టం చెబుతోంది. అక్కడ తేలకపోతే స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి; మూడు నెలల్లో నిర్ణయం రావాలి. ఆ తరువాత రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉంది.

అధికారులు సగం ఇచ్చి సరిపెట్టే రోజు వస్తుంది. 1951లో బ్రిగ్స్ కేసును మొదట విన్న కింది న్యాయస్థానం వసతులు సమానం చేయమని మాత్రం ఆదేశించి, విభజనను అలాగే ఉంచింది. ముగ్గురు న్యాయమూర్తులలో వేటీస్ వేరింగ్ ఒక్కరే విభేదించారు. రాష్ట్రం కొత్త భవనాలకు డబ్బు పోసినా ఆ కుటుంబాలు కేసును విడవలేదు. మీకు రంగులు, బల్లలు ఇస్తే కృతజ్ఞతతో తీసుకోండి. ఉపాధ్యాయుడి నియామకం ఏ తేదీకి జరుగుతుందో అదే రోజు కాగితం మీద రాయించుకోండి.