కనుబొమలు, రెప్ప వెంట్రుకలు రాలుతున్నాయా? ముందు రాలిన తీరు చూడండి

తిరుమలలో గుండు చేయించుకున్న తలకు వారం తిరక్కుండానే నూగు వస్తుంది. కత్తి వెంట్రుకను పైపైనే కోస్తుంది, కుదురు చర్మం లోపల పదిలంగా ఉంటుంది. కనుబొమ రాలిందంటే సాధారణంగా ఇబ్బంది ఆ కుదురుకే. కారణం తేలకుండా ఆముదం రాస్తూ కూర్చుంటే నెలలు వృథా.

కిటికీ దగ్గర పగటి వెలుతురులో రెండు బొమలనూ, రెప్పల అంచులనూ ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయండి. నెల తర్వాత పోల్చుకోవడానికీ అవే పనికొస్తాయి.

బొమ బయటి కొస, అంటే చెవి వైపు మూడో వంతు పలచబడి, దానికి తోడు నీరసం, మలబద్ధకం, చలికి ఓర్చుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్‌ను అనుమానించాలి. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. మాత్ర రాస్తే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకీ టిఫిన్‌కీ అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం కావాలి, లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు. ఏళ్ల తరబడి త్రెడ్డింగ్ చేయించినా, దురదకు రుద్దినా ఇదే కొస పోతుంది కాబట్టి పరీక్ష లేకుండా మాత్రలు మొదలుపెట్టకండి.

పొట్టు, మంట లేకుండా ఒకచోట నున్నగా ఊడితే అది చాలావరకు పేనుకొరుకుడు. పేరులో పేను ఉన్నా దానికీ దీనికీ సంబంధం లేదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడుతుంది. దీనికి గురివింద గింజ అరగదీసి పూసే అలవాటు మన వైపు ఉంది. ఆ గింజ విషం. కంటి దగ్గరికి అస్సలు రానివ్వకండి. చిన్న మచ్చ చాలామందికి ఏడాదిలోపు దానంతటదే పూడుతుంది. లేదంటే చర్మవైద్యులు ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ మందును మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాముల పలుచదనంలో, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి బొమలో సూదితో ఇస్తారు. స్టెరాయిడ్ క్రీము సొంతంగా కొని రెప్పలకు రాయకండి. వాడకం సాగితే కంటిలో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావొచ్చు.

బొమలు రాలడంతో పాటు ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్టు పరీక్ష చేయించాలి. సిగ్గుపడాల్సిన పని లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందు ఉచితం, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడాలి.

రెప్ప వెంట్రుకలు రాలడానికి ఎక్కువగా కనిపించే కారణం రెప్ప అంచు వాపు. పొద్దున్నే అంచులు అంటుకుపోతాయి, వెంట్రుకల మొదట్లో పొట్టు కడుతుంది. చాలామందికి తలలో చుండ్రు కూడా ఉంటుంది, దానికీ మందు వాడాలి. ఇంట్లో చేయాల్సింది ఇది: శుభ్రమైన నూలు గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, చేతికి ఓర్చుకునే వేడిలో మూసిన కళ్ల మీద ఐదు నిమిషాలు ఉంచండి. చల్లారితే మళ్లీ ముంచాలి, వేడి తగ్గితే రెప్పల్లో గడ్డకట్టిన జిడ్డు కరగదు. తర్వాత పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి వేలితో మెల్లగా నొక్కండి. కాచి చల్లార్చిన చిన్న గిన్నెడు నీళ్లలో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ కలిపి, దూది పుల్లతో వెంట్రుకల మొదట్లో తుడిచి, మంచినీళ్లతో కడగండి. పొద్దున, సాయంత్రం, రెండు నుంచి నాలుగు వారాలు. పొట్టును గోటితో గిల్లితే వెంట్రుక కూడా వచ్చేస్తుంది. అన్నాళ్లూ కాటుక మానాలి.

కారణం తగ్గాక కూడా ఓపిక కావాలి. రెప్ప వెంట్రుకకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, బొమకు మూడు నాలుగు నెలలు పడుతుంది. నీటికాసుల జబ్బుకు కంట్లో వేసే బైమాటోప్రోస్ట్ చుక్కలతో రెప్ప వెంట్రుకలు పొడవు పెరిగే మాట నిజమే. కానీ రెప్ప చర్మం నల్లబడొచ్చు, ఆపేస్తే మళ్లీ మామూలే. డాక్టరు చీటీ లేకుండా వద్దు.

పిల్లలు తామే పీక్కుంటుంటే తిట్టినకొద్దీ ఎక్కువవుతుంది, మానసిక వైద్యులకు చూపించండి. చర్మం సమస్యలకు తిరుపతిలో రుయా ఆసుపత్రి, కంటికి అరవింద్ ఆసుపత్రి ఉన్నాయి. రెప్ప మీద ఒక్కచోటే వెంట్రుకలు పోయి, నొప్పి లేని గడ్డో మానని పుండో ఉంటే, లేదా కంటికురుపు అదే చోట మళ్లీ మళ్లీ వస్తుంటే, కాపడాలు ఆపి అదే వారంలో కంటి డాక్టరుకు చూపించండి. రెప్ప క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది.