డీర్ సీజన్‌కి ముందు ఖాళీ తూటాలు కడిగేవాళ్లకి జాగ్రత్తలు

టెక్సస్‌లో జింకల వేట సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. తూటాలు ఇంట్లోనే మళ్లీ నింపుకునేవాళ్లు సెప్టెంబర్ వచ్చేసరికి గ్యారేజీలో బకెట్లు ముందేసుకుని కూర్చుంటారు. ఏడాది పొడుగునా తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌లో ఏరి తెచ్చుకున్న ఖాళీ ఇత్తడి కేసులు, అంటే తూటా పేలాక మిగిలే గుల్లలు, ఇక్కడ అందరూ బ్రాస్ అంటారు, మసిపట్టి అందులో పడి ఉంటాయి. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలోనూ ఈ పని నేర్చుకునేవాళ్లు ఏటా నలుగురైదుగురు నాకు ఫోన్ చేస్తుంటారు. అడిగేదంతా తుపాకీ మందు గురించే. ఏది వాడాలి, ఎంత పొయ్యాలి అని. దానికి అచ్చయిన మాన్యువల్స్ ఉన్నాయి, వాటిలో రాసింది రాసినట్టు చేస్తే చాలు. నా భయమంతా అంతకంటే ముందు చేసే పని మీద. కడగడం మీద. ఎవరూ దాన్ని ప్రమాదం అనుకోరు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది అమెరికాలో చట్టం ఒప్పుకునే పని. ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం ఆయుధాల చట్టం కింద నేరం. అక్కడి నుంచి చదువుతున్నవాళ్లు దీన్ని చూసి ఏమీ మొదలుపెట్టకండి.

ఆ మసిలో ఉన్నది సీసం

ట్రిగ్గర్ నొక్కగానే మొదట అంటుకునేది తూటా అడుగున ఉండే ప్రైమర్. మామూలుగా దొరికే ప్రైమర్లలో ఇప్పటికీ లెడ్ స్టిఫ్నేట్ అనే సీసం పదార్థమే ఉంటుంది. అది కాలి, కాటుకంత సన్నని మసిగా మారి కేసు లోపలి గోడలకీ ప్రైమర్ గుంటకీ పట్టేస్తుంది. మనం కేసులు మెరిపించడం అంటే ఆ సీసాన్ని అక్కణ్ణుంచి ఊడదీయడమే. ఊడిన సీసం ఎటు పోతుంది అన్నదే ఈ పనిలో అసలు ప్రశ్న.

ఎక్కువమంది మొదట కొనేది పొడి టంబ్లర్. అదిరే గిన్నెలో మొక్కజొన్న బెండు రవ్వో వాల్‌నట్ పెంకుల పొడో పోసి, కేసులు వేసి రెండు మూడు గంటలు తిప్పుతారు. మూత పెట్టి ఉన్నంతసేపూ పెద్ద ఇబ్బంది లేదు. మూత తీసి, కేసుల్నీ రవ్వనీ వేరుచేయడానికి పిండి జల్లించినట్టు జల్లిస్తారు చూడండి, అప్పుడు లేస్తుంది దుమ్ము. మా గ్యారేజీ పడమటి వైపు ఉంటుంది. ఒక సాయంత్రం తలుపు సగం ఎత్తి జల్లిస్తుంటే ఎండ ఏటవాలుగా లోపలికి పడింది. ఆ వెలుగులో నా మొహం ఎత్తున బూడిదరంగు దుమ్ము మెల్లగా తిరుగుతోంది. జల్లెడ కింద పెట్టేసి చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపటికీ అది కిందికి దిగలేదు. అంతకు ముందు రెండేళ్లు అదే గాలి పీల్చుకుంటూ అక్కడే నిలబడ్డాను, ఎండ పడకపోవడంతో కనిపించలేదంతే.

కాబట్టి టంబ్లర్ ఇంట్లో తిప్పకండి. బట్టలుతికే గదిలో అసలే వద్దు. నవంబర్ చలికి గ్యారేజీ తలుపు మూసి తిప్పడం కంటే, చలి రాకముందే ఈ పని ముగించుకోవడం మేలు. జల్లించేది ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, మొహానికి సన్నని దుమ్మును కూడా ఆపే పీ100 మాస్కుతో. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. బట్టల డ్రయర్‌లో వాడేసిన షీట్లు ముక్కలు చేసి రవ్వలో వేస్తే దుమ్ము చాలావరకు వాటికి అంటుకుంటుంది. ఆ ముక్కలు ఎంత నల్లబడతాయో ఒకసారి చూస్తే ఇంక ఎవరూ మీకు చెప్పనక్కర్లేదు. నేల మీద పడిన దుమ్మును చీపురుతో ఊడవకండి, మామూలు వాక్యూమ్ పెట్టకండి. రెండూ దుమ్మును మళ్లీ గాలిలోకి లేపుతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయాలి.

ఇంకొకటి. మొక్కజొన్న బెండు రవ్వ చూడటానికి అచ్చం మన మొక్కజొన్న రవ్వలాగే ఉంటుంది. దాన్ని ఎప్పుడూ పప్పుల డబ్బాల్లాంటి వాటిలో పోసి పెట్టకండి. డబ్బా మీద పెద్ద తెలుగక్షరాల్లో "విషం" అని రాయండి. ఇంగ్లీషు చదవని పెద్దవాళ్లు మన ఇళ్లకి వచ్చి ఆరేసి నెలలు ఉంటారు.

వంటింటి గడప దాటకూడదు

అది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మా అమ్మ వచ్చిన ఏడాది, కేసులు కడిగి వడగట్టడానికి కొన్న స్టీలు చిల్లుల గిన్నె గ్యారేజీ అరలో బోర్లించి ఉంది. నేను ఆఫీసులో ఉండగా అమ్మ దాన్ని లోపలికి తెచ్చుకుంది. సాయంత్రం వచ్చేసరికి అందులో కడిగిన బియ్యం ఉన్నాయి. "ఒరేయ్, ఇంత మంచి గిన్నె అక్కడ దుమ్ములో పడేశావేంట్రా" అంది. ఆ బియ్యమూ గిన్నే రెండూ చెత్తబుట్టలో వేస్తుంటే అమ్మ మొహం చిన్నబోయింది. తప్పు అమ్మది కాదు. వంటగిన్నెలా కనిపించే వస్తువును విషం పనికి వాడి, గుర్తు పెట్టకుండా వదిలింది నేను. ఆ రోజు నుంచి నా జల్లెడ, బకెట్, చెంచా, తువ్వాలు అన్నిటికీ ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. అవన్నీ తాళం వేసే పెట్టెలో ఉంటాయి.

వంటింటి సింకులో కడగడం, ఓవెన్‌లో ఆరబెట్టడం, అంట్లు తోమే మెషీన్‌లో వేయడం, ఇవన్నీ చేసినవాళ్లను నేను చూశాను. చేయకండి. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం. గోళ్ల సందుల్లో మిగిలిన మసి ముద్దతోపాటు లోపలికి పోతుంది. పని జరుగుతున్నంతసేపూ నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, టీ తాగకండి, ఫోన్ ముట్టుకోకండి. గ్లవ్స్ తీశాక కూడా సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. శానిటైజర్‌తో సీసం పోదు. సీసం తొలగించడానికే చేసిన సబ్బులు తూటాలు మళ్లీ నింపుకునే సామాన్ల షాపుల్లో అమ్ముతారు, ఒక సీసా గ్యారేజీ కుళాయి దగ్గర ఉంచుకోండి.

చావు ఇంటి నుంచి వస్తే మనం ఏం చేస్తాం? చెప్పులు బయటే విడిచి, ఎవరినీ ముట్టుకోకుండా నేరుగా స్నానానికి పోతాం. రేంజ్ నుంచి వచ్చినా, ఈ పని నుంచి లేచినా సరిగ్గా అదే చేయండి. విడిచిన బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. తిన్న సీసాన్ని పెద్దవాళ్ల కంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. నేల మీద పాకే పాప మీ బూట్లు తొక్కిన కార్పెట్ మీదే చేతులు ఆనించి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ ఏడాదికి ఈ పని మానేయమనే చెబుతాను. కొత్త కేసులు కొనుక్కోండి, డబ్బు పోతే పోయింది.

తడి పద్ధతి నయమే, కానీ ఆ నీళ్లు

నేనిప్పుడు తడి టంబ్లరే వాడుతున్నాను. డ్రమ్ములో నీళ్లు, సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు, కొంచెం అంట్ల సబ్బు, గాలన్ నీటికి అర చెంచా లోపు నిమ్మ ఉప్పు. దుమ్ము అనేదే లేదు. కానీ సీసం మాయం కాలేదు, నీళ్లలో ఉంది. మూత తీస్తే సిరాలాంటి నల్లటి నీళ్లు. వాటిని వీధి కాలవలో పోస్తే శుద్ధి కాకుండానే వాగులోకి పోతాయి. పెరట్లో అసలు పోయకండి. మన పెరళ్లలో గోంగూర, బీర, దొండ పాదులు ఉంటాయి. మట్టిలో కలిసిన సీసం ఎన్నేళ్లయినా అక్కడే ఉంటుంది. వాడేసిన రవ్వ ఎరువవుతుందని మడిలో కుమ్మరించినవాళ్లూ ఉన్నారు, అది ఇంకా ఘోరం. నల్ల నీళ్లు మూతున్న క్యాన్లలో పట్టి, ఊళ్లో ఇంటి రసాయన వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. రవ్వ కూడా సంచిలో గట్టిగా కట్టి అక్కడికే.

పిన్నుల విషయంలో తొందరపడకండి. ప్రతి కేసునూ బోర్లించి తట్టి, వెలుతురుకి ఎత్తి లోపలికి చూడండి. సన్నని మెడ ఉన్న కేసుల్లో రెండు పిన్నులు ఒకదానికొకటి అడ్డంపడి ఇరుక్కుంటాయి. అది గమనించకుండా మందు నింపితే ఆ పిన్ను తుపాకీ గొట్టంలోకి పోతుంది.

చింతపండు, బ్రాసో, గుర్రాల కథ

అమ్మ మొదటి రోజే అడిగింది, "చింతపండు పెట్టి తోమితే తళతళలాడతాయి కదరా" అని. పూజ సామాన్లకి అది సరే. కేసుకి కాదు. ఈ ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పులుపు ఎక్కువైనా, ఎక్కువసేపు నానినా జింకు కరిగిపోయి ఇత్తడి గులాబీ రంగుకి తిరుగుతుంది. అలా తిరిగిందంటే పైపొర బలహీనపడిందని అర్థం, ఆ కేసు పారేయండి. నిమ్మ ఉప్పు చెంచాతో కొలవగలం, చింతపండు గుజ్జును అలా కొలవలేం.

అంతకంటే చెడ్డది అమ్మోనియా. బ్రాసో లాంటి పాలిష్‌లలో అది ఉంటుంది. పూజ గదిలో వాడే సీసా కదా అని గ్యారేజీకి తీసుకుపోకండి. దీని వెనకున్న కథ మన దేశంలోనే జరిగింది. బ్రిటిష్ సైన్యం ఇండియాలో వర్షాకాలం వచ్చిందంటే తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే ఎన్నో కేసులు, ముఖ్యంగా బుల్లెట్‌ను నొక్కి బిగించిన మెడ దగ్గర, పగిలి ఉండేవి. ఎవరూ వాటిని కాల్చలేదు, కింద పడేయలేదు. సీజన్ క్రాకింగ్ అని దానికి పేరు పెట్టారు గానీ కారణం చాలా ఏళ్లు తేలలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిని సాగదీసి మలిచినప్పుడు లోపల మిగిలిన బిగువు, ఈ రెండూ కలిసి పగలగొట్టాయి. మీ కేసుల్లోనూ ఆ బిగువు ఉంటుంది. అమ్మోనియా తగిలినప్పుడు పైకి ఏమీ కనిపించదు. నెలల తర్వాత పగులుతుంది, అదీ చెంప పక్కన పేలేటప్పుడు. పాలిష్ కొనేటప్పుడు అమ్మోనియా లేదని లేబుల్ మీద చూసుకునే కొనండి. గ్యారేజీలో ఎరువుల సంచులు, పిల్లి లిట్టర్ పెట్టెలు ఉంటే కేసులు అక్కడ దాచకండి.

డ్రమ్ములో వేసేముందు, తీశాక

రేంజ్‌లో నేల మీద ఏరిన వాటిలో పేలని తూటా ఒకటి కలిసిపోవడం మామూలే. ఒకసారి నా బకెట్‌లోనే ఒకటి దొరికింది. పెద్ద కేసు లోపల దూరి ఉంది చిన్న .22 తూటా, పైకి కనిపించలేదు. అందుకే బకెట్ ఎత్తి కుమ్మరించకుండా తువ్వాలు మీద పరిచి, ఒక్కొక్కటీ చేత్తో తీసి చూసి వేయండి. నింపేసిన తూటాలను మెరుపు కోసం టంబ్లర్‌లో వేయకండి, ఎవరు ఏం చెప్పినా సరే.

ఆరబెట్టడానికి టెక్సస్ ఎండే చాలు. ఎర్ర టేపు తువ్వాలు మీద పరిచి రెండు రోజులు వదిలేయండి. హీట్ గన్‌తోనో మంటతోనో తొందరపెట్టకండి. సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇత్తడి మెత్తబడటం మొదలవుతుంది. పేలుడు ఒత్తిడిని ఆపేది కేసు అడుగు. అది మెత్తబడితే వేడి గ్యాస్ వెనక్కి, మీ కళ్ల వైపు తన్నుతుంది.

ఆరాక ఒక్కొక్కటీ తిప్పి చూడండి. కడగడం ఎందుకంటే ఇందుకే. మెడ మీద పగుళ్లు, అడుక్కి కాస్త పైన చుట్టూ మెరిసే గీత. ఆ గీత అనుమానంగా ఉంటే పేపర్ క్లిప్ కొన వంచి లోపల గీకండి, గాడిలో పడినట్టు తగిలితే గోడ పలచబడింది. అలాంటివి ప్లయర్‌తో నొక్కేసి పారేయండి, మళ్లీ బకెట్‌లో కలవవు.

ఏటా సీజన్‌కి ముందు ఒకసారి డాక్టర్‌ని రక్తంలో సీసం పరీక్ష రాయమని అడగండి. చేతి నరం నుంచి తీసిన రక్తంతో చేయించుకోండి. ఆ దుమ్ము కనిపించిన వారం నాకు డెసిలీటర్‌కి 11 మైక్రోగ్రాములు వచ్చింది. ఒళ్లు మాత్రం బాగానే ఉంది. లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదని అప్పుడే తెలిసింది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకీ చేయించండి. పిల్లల్లో 3.5 మైక్రోగ్రాములు వచ్చినా పట్టించుకోవాలని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో హద్దు తగ్గించింది. అసలు పిల్లలకి ఇంతవరకు ఫరవాలేదు అనే అంకె ఏదీ లేదు.

సీజన్ మధ్యలో డిసెంబర్ సెలవులకి ఇండియా వెళ్లేవాళ్లు ఎక్కువ. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ప్రయాణానికి వాడకండి. మూలలో ఇరుక్కున్న ఒక్క తూటాకి హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో పోలీసు కేసు అవుతుంది, ఖాళీ బ్రాస్ అయినా గంటలకొద్దీ సమాధానం చెప్పుకోవాలి. మెరుస్తున్నాయని పిల్లలు కూడా వాటిని జేబుల్లో వేసుకుంటారు. సూట్‌కేసు సర్దేముందు వాళ్ల జాకెట్ జేబులు తిరగేసి చూడండి.