అల్ట్రావైడ్ (బాగా వెడల్పాటి తెర) తీసుకోవాలా, మామూలు గేమింగ్ మానిటరా? ముందు టేపు తీసి ఎత్తు కొలవండి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నేను తిరిగిన షాపుల్లో ఆఫీసు పనికి వాడే చిన్న మానిటర్లే కనిపించాయి. గేమింగ్‌ది కావాలంటే బరంపురమో విశాఖో వెళ్లాలి, లేదంటే కళ్లతో చూడకుండానే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి. అలా చూడకుండా కొనేవాళ్లని ముంచేది అంగుళాల అంకె. అది మూల నుంచి మూలకి కొలిచింది కాబట్టి, ఎత్తు అంగుళం కూడా పెరగకపోయినా వెడల్పు పెరిగితే చాలు, ఆ అంకె పెరిగిపోతుంది.

మా పిన్ని కొడుకు 24 అంగుళాల మామూలు మానిటర్ తీసేసి 29 అంగుళాల అల్ట్రావైడ్ తెప్పించుకున్నాడు. పెట్టె విప్పి బల్ల మీద పెట్టగానే వాడి మొహం మారిపోయింది. "అన్నా, ఇదేంటి పొట్టిగా ఉంది?" అన్నాడు. ఇద్దరం టేపు పెట్టి కొలిచాం. పాత తెర ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు, కొత్తది 28న్నర. వెడల్పు మాత్రం 53 నుంచి 68కి పెరిగింది. అంటే డబ్బు ఎక్కువ పెట్టి ఎత్తు తగ్గించుకున్నట్టయింది, పైగా నిలువుగా పిక్సెళ్లు (బొమ్మని కూర్చే చుక్కలు) 1080యే, పాతదానిలో ఉన్నన్నే.

అందుకే పోల్చేటప్పుడు 34 అంగుళాల అల్ట్రావైడ్‌ని 27 అంగుళాల మామూలు దానితో పోల్చండి. రెండింటి ఎత్తూ 33 సెంటీమీటర్ల పైచిలుకే, వెడల్పే ఒకదానికి 60, ఇంకోదానికి 80. ఆర్డర్ పెట్టే ముందు ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న ఒడియా పేపరో తెలుగు పేపరో రెండు మూడు కలిపి అంటించి, 80 బై 33 కొలతకి కత్తిరించి, బల్ల వెనక గోడకి టేపుతో అతికించండి. కుర్చీలో మామూలుగా కూర్చుని రెండు చివర్లూ చూడండి. కంటికీ కాగితానికీ మధ్య కనీసం 60, 70 సెంటీమీటర్లు లేకపోతే మెడ అటూ ఇటూ తిప్పాల్సి వస్తుంది, గంటసేపు ఆడేసరికి నొప్పి పట్టుకుంటుంది. అసలు మానిటర్ స్టాండు కాళ్లు బల్ల లోతులో కొంత తినేస్తాయి, ఆ లెక్క కూడా వేసుకోండి.

ఇక ఆటల సంగతి, అసలు నిర్ణయం ఇక్కడే జరగాలి. మీరు రోజూ ఆడేది వాలొరెంట్ అనే షూటింగ్ ఆట అయితే అల్ట్రావైడ్ జోలికి పోకండి. ఆ ఆట పక్కలకి అదనంగా ఏమీ చూపించదు, రెండు వైపులా నల్ల పట్టీలు పెట్టి మధ్యలో మామూలు సైజులోనే ఆడిస్తుంది. ఎల్డెన్ రింగ్ కూడా అంతే. అదే ఫోర్జా హొరైజన్ 5, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లాంటి బండి నడిపే ఆటలైతే పక్క అద్దాలూ, రోడ్డు మలుపూ, చెట్లూ అన్నీ కంటి నిండా కనిపిస్తాయి, ఒకసారి అలవాటైతే మామూలు తెర ఇరుకు గదిలా అనిపిస్తుంది. ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్లకి ఆలోచించే పనే లేదు, అది అల్ట్రావైడ్ బొమ్మ ఇవ్వదు.

గ్రాఫిక్స్ కార్డు మీద పడే బరువు చాలామంది లెక్కలోకి తీసుకోరు. 2560 బై 1440 అంటే సుమారు 37 లక్షల పిక్సెళ్లు, 3440 బై 1440 అంటే దాదాపు 50 లక్షలు. మూడో వంతు పని ఎక్కువ. 27లో సెకనుకి 90 ఫ్రేములు (బొమ్మలు) ఇచ్చే ఆట 34లో 70 దరిదాపులకి పడిపోవచ్చు. అప్పుడు 144 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చగల తెరకి, పెట్టిన డబ్బు ఊరికే పోయినట్టే. నన్నడిగితే, కార్డు మధ్యరకందైతే, షూటింగ్ ఆటలే ఎక్కువైతే 27 అంగుళాలు, నిలువుగా 1440 పిక్సెళ్లు, 144 లేదా 165 హెర్ట్జ్ ఉన్న మామూలు మానిటర్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. రేసింగ్, ట్రక్కు, విమానం ఆటలు ఆడుతూ పగలు అదే తెర మీద రెండు విండోలు పక్కపక్కన పెట్టుకుని పని చేసుకునేవాళ్లకి 34 నిజంగా పనికొస్తుంది. 29 మాత్రం ఎవరికీ చెప్పను.

కేబుల్ కూడా చూసుకోండి. హెచ్‌డీఎంఐ 2.0 మీద 34 అంగుళాల తెరకి మామూలుగా 100 హెర్ట్జ్ వరకే దొరుకుతుంది, పూర్తి 144 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి. మానిటర్ తెరల్లో వీఏ, ఐపీఎస్ అని రకాలుంటాయి. తక్కువ ధర వీఏ ప్యానెళ్లలో చీకటి సీన్లు కదిలేటప్పుడు నల్లగా మరక సాగినట్టు కనిపిస్తుంది, రాత్రి సీన్లున్న ఆటలు ఇష్టమైతే ఐపీఎస్ చూడండి.

వేసవిలో సాయంత్రం గాలివాన మొదలైతే కరెంటు ఎన్నిసార్లు వచ్చి పోతుందో మనకి తెలిసిందే. మానిటర్‌నీ సీపీయూనీ కలిపి యూపీఎస్ మీద పెట్టండి, పిడుగుల రోజున ప్లగ్గు పీకేయండి.

చివరిగా వారంటీ. ఇంటికొచ్చి చూస్తారా, మనమే పంపాలా అన్నది కంపెనీ సైట్‌లో మన 761200 పిన్‌కోడ్ కొట్టి ముందే తెలుసుకోండి. నేను అడక్కుండా కొన్న మానిటర్‌లో గీత పడితే నేనే పంపాల్సి వచ్చింది, పెట్టె పారేసి ఉండటంతో థర్మోకోల్ వెతకడానికే రెండు రోజులు తిరిగాను. 34 అంగుళాలదైతే ఆ పెట్టె మంచమంత చోటు అడ్డుగా ఉంటుంది, అయినా వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచండి. కొరియర్ అబ్బాయి ఎదురుగానే వీడియో తీస్తూ విప్పండి, వెంటనే తెరంతా ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా పెట్టి చుక్కలేమైనా ఉన్నాయేమో చూడండి.