నీటిలో పసిబిడ్డ – మూడో పాఠం: బోర్లా పడిన బిడ్డ వెల్లకిలా తిరగడం

బిడ్డ మొదటిసారి బోర్లా పడిన రోజు బొబ్బట్లు పంచుతాం. మన కర్నూలు వైపు వాటిని ఓళిగలనో బక్ష్యాలనో అంటాం గానీ వేడుక మాత్రం అదే. నేల మీద బోర్లా పడడం బిడ్డ తనంతట తాను సాధించే తొలి విద్య. నీటిలో నేర్పవలసింది దానికి సరిగ్గా ఎదురైనది: బోర్లా ఉన్న బిడ్డ వెల్లకిలా తిరగాలి, తిరిగి ముఖం ఆకాశం వైపు ఉంచి, ఎవరో ఒకరు వచ్చి ఎత్తుకొనేదాకా ఊపిరి తీసుకొంటూ ఉండాలి. ఈ పాఠమంతా ఆ ఒక్క తిరుగుడు గురించే.

మొదటి పాఠంలో ఇంటి చుట్టూ బిడ్డకు అందే నీటినంతా లెక్కబెట్టుకొన్నాం: స్నానాల గదిలో బకెట్టు, వాకిట్లో తొట్టి, మూత సరిగా పడని సంపు, పొలంలో సేద్యపు కుంట, వీధి చివర కాలువ. రెండో పాఠంలో బిడ్డ మూతిని నీటికి ఆనించి బుడగలు ఊదడం, ముఖం మీద నీళ్ళు పడినప్పుడు నోరు మూసుకోవడం నేర్చుకొంది. ఆ రెండింటినీ ఇంకా బెదురుతూ చేసే బిడ్డను ఈ పాఠానికి తీసుకురావద్దు. మరో వారం అక్కడే ఆగినా పోయేదేమీ లేదు.

ఇది ఏడాది నిండిన పిల్లలకు ఉద్దేశించిన పాఠం. ఆరు నెలల బిడ్డకే నీటిలో వెల్లకిలా తేలడం నేర్పే పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో హార్వే బార్నెట్ 1966లో దాన్ని మొదలుపెట్టారు. రోజుకు పది నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఒక బిడ్డకు ఒక శిక్షకుడు అన్నవి అందులోని నియమాలు. పాఠం చిన్నదిగా ఉండాలి, రోజూ ఉండాలి అన్న మాటను నేను ఆ పద్ధతి నుంచే తీసుకొన్నాను. బిడ్డ ఏడుస్తున్నా పాఠం సాగించడాన్ని మాత్రం తీసుకోలేదు. భయంతో ఏడ్చే బిడ్డ ఎప్పుడు నీళ్ళు మింగుతున్నదో, ఎప్పుడు అలసిపోతున్నదో పసిగట్టడానికి ప్రత్యేకమైన శిక్షణ కావాలి, ఇంట్లో నేర్పే తల్లిదండ్రులకు అది ఉండదు. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2019లో ప్రకటించిన విధానం కూడా ఏడాది దాటిన పిల్లలకు ఈత పాఠాలు మేలు చేయగలవని, ఏడాదిలోపు బిడ్డలకు చెప్పే పాఠాల వల్ల మునక ప్రమాదం తగ్గుతుందనడానికి ఆధారం లేదని చెబుతున్నది. 2009లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఒకటి నుంచి నాలుగేళ్ళ వయసు పిల్లల్లో పద్ధతిగా ఈత నేర్చుకొన్నవారికి మునిగిపోయే ప్రమాదం 88 శాతం తక్కువగా కనబడింది. లెక్కలోకి వచ్చిన పిల్లలు కొద్దిమందే కాబట్టి ఆ అంకెను చూసి ధీమా పడకూడదు. నేర్పడంలో అర్థముందని నమ్మడానికి మాత్రం అది చాలు.

ఈ తిరుగుడు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. కోడుమూరు దగ్గర మా ఊళ్ళో పశువులకు నీళ్ళు పెట్టే సిమెంటు తొట్టి ఉండేది. అందులో నీళ్ళు పెద్దవాళ్ళ మోకాలికి కొంచెం పైదాకా వస్తాయి. మా అక్క దానికి ఐదడుగుల దూరంలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నది. రెండేళ్ళు కూడా నిండని కొడుకు తొట్టి పక్కనే ఆడుకొంటున్నాడు. వాడు అరవలేదు, నీళ్ళు చప్పుడు కాలేదు. చాటలో కాయలు అయిపోయి అక్క తలెత్తి చూసేసరికి తొట్టిలో ఎర్ర మగ్గు తేలుతున్నది, దాని పక్కన అంచు మీదుగా రెండు అరికాళ్ళు కనబడుతున్నాయి. లాగిన వెంటనే దగ్గి, కక్కి, ఏడ్చాడు; బతికాడు. ఆ అరికాళ్ళు అక్కకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

పుట్టిన బిడ్డ పొడవులో తల దాదాపు నాలుగో వంతు ఉంటుంది, పెద్దవాళ్ళలో ఎనిమిదో వంతుకు దగ్గరగా ఉంటుంది. అందుకే మగ్గు కోసం వంగిన బిడ్డ తలకిందులుగానే పడుతుంది. పడిన బిడ్డ అరుస్తుందని మనం అనుకొంటాం. అరవడానికి ముందు ఊపిరి పీల్చుకోవాలి కదా, నీటిలో ముఖం మునిగిన బిడ్డకు ఆ అవకాశమే దొరకదు. మునక నిశ్శబ్దంగా జరిగిపోతుంది, చిన్నపిల్లల విషయంలో అది నిమిషం కూడా పట్టకపోవచ్చు. ఆ నిమిషంలో బిడ్డ చేయగలిగినదల్లా ముఖాన్ని గాలి వైపు తిప్పుకోవడం ఒక్కటే. గట్టు దాకా ఈదుకొని రావడం ఆ వయసుకు మించిన పని.

మన ప్రాంతంలో ఈత అనగానే దిగుడుబావి గుర్తుకొస్తుంది. నేనూ ఎనిమిదో ఏట, వీపుకు మునగబెండ్లు, నడుముకు తాడు కట్టించుకొని, తాడు రెండో కొస నాన్న చేతిలో ఉండగా బావిలో నేర్చుకొన్నవాణ్ణే. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు అది మంచి పద్ధతే. కానీ వీపున కట్టిన బెండు వీపును పైకి లేపి ముఖాన్ని నీళ్ళలోకి దించుతుంది, ఎనిమిదేళ్ళవాడు మెడ ఎత్తి ఊపిరి తీసుకొంటాడు, రెండేళ్ళ బిడ్డకు అంత మెడబలం ఉండదు. చేతులకు తొడిగే గాలి బుడగలదీ, నడుముకు వేసే ట్యూబుదీ మరో దోషం. అవి బిడ్డను నిలువుగా నిలబెడతాయి. మునిగే మనిషి కూడా నీటిలో నిలువుగానే ఉంటాడు. రోజూ నిలువుగా ఉండడం అలవాటైన బిడ్డ, బుడగలు లేని రోజున నీళ్ళలో పడినా అలాగే నిలబడబోతుంది. కాబట్టి ఈ పాఠాలన్నింటిలో బిడ్డను తేల్చి పట్టేవి మీ చేతులు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఇక నీటి సంగతి. నడుము లోతుకు మించనిది, అడుగు కనబడేది, ప్రవాహం లేనిది కావాలి. ఈతకొలనులో పిల్లల భాగం ఉంటే సరే. లేకపోతే పొలంలో బోరు నీళ్ళు పట్టే పెద్ద సిమెంటు తొట్టిని కడిగి నింపుకొంటే చాలు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఊరి చెరువుల్లోనే వెదురు కట్టి, ఆ వెదుళ్ళ మధ్య నాలుగేళ్ళు దాటిన పిల్లలకు ఈత నేర్పుతున్నారు. కె.సి. కెనాల్లో, అంటే కర్నూలు–కడప కాలువలో మాత్రం వద్దు. ఒకప్పుడు పడవలు నడపడానికి, పొలాలకు నీళ్ళు పారించడానికి తవ్విన కాలువ అది; సుంకేసుల ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలినప్పుడు పెద్దవాళ్ళ కాళ్ళే నిలవవు. తుంగభద్ర, హంద్రీ మడుగులూ వద్దు. అనంతపురం వైపు తోటల్లో కనబడే, ప్లాస్టిక్ పట్టా పరిచిన సేద్యపు కుంటలు అసలే వద్దు. నాచు పట్టిన పట్టా మీద నిలబడి బిడ్డను ఎత్తుకోవడం ఎవరి తరమూ కాదు.

పెద్దలకు హాయిగా ఉన్న నీళ్ళు పసిబిడ్డకు చల్లన. 31, 32 డిగ్రీల వేడి ఉండాలి. కొలిచే సాధనం లేకపోతే మీరు నడుము లోతులో పది నిమిషాలు కదలకుండా నిలబడి చూడండి, మీకు ఏ మాత్రం చలి అనిపించినా ఆ రోజు పాఠం లేదు. మన దగ్గర మార్చి చివరి నుంచి జూన్ దాకా నీళ్ళు అనువుగా ఉంటాయి, అయితే ఎండ దెబ్బ తగలకుండా ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలోనో సాయంత్రం ఐదు దాటాకో దిగాలి. పాలు తాగాక, అన్నం తిన్నాక గంట ఆగాలి. విరేచనాలు, చెవిపోటు, జలుబు ఉన్న బిడ్డను దించకూడదు. మూర్ఛలు, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్న బిడ్డ విషయంలో ముందుగా వైద్యులను అడగాలి.

మొదటి రెండు రోజులు భుజం మీదే గడపాలి. మీరు నీటిలో మోకాళ్ళు వంచి, భుజాలు నీటి మట్టానికి వచ్చేలా దిగండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, దాని తల వెనుక భాగం మీ భుజం మీద, దాని చెంప మీ చెంపకు ఆనేలా పట్టుకోండి. మీ రెండు చేతులూ దాని వీపు కింద ఉంటాయి. అలా పట్టుకొని మెల్లగా వెనక్కు నడవండి, నీరు బిడ్డ తల నుంచి కాళ్ళ వైపుకు జారిపోతూ ఒంటిని తేలికగా లేపుతుంది. ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు పాడే లాలిపాట ఇక్కడ కూడా పాడండి. చెవిలో ఆ గొంతు వినబడినంతసేపూ చాలామంది పిల్లలు మెడ బిగించరు.

పాఠం మొత్తంలో చిక్కు అంతా చెవుల దగ్గరే వస్తుంది. చెవిలోకి నీళ్ళు తగలగానే చప్పుళ్ళన్నీ మారిపోతాయి, బిడ్డ ఉలిక్కిపడి తల ఎత్తుతుంది. తల ఎత్తగానే నడుము దిగుతుంది, నడుము దిగగానే కాళ్ళు మునుగుతాయి, చివరికి ఒళ్ళంతా నిలువవుతుంది. గాలి నిండిన ఛాతీ తేలికగా ఉంటుంది, బరువంతా నడుము వైపు ఉంటుంది, ఆ రెండింటి మధ్య తల తక్కెడలో రాయిలాగా పని చేస్తుంది. అందుచేత బిడ్డను తేల్చడమంటే దాని చెవులను నీటికి అలవాటు చేయడమే అని నేను ఏళ్ళ తరబడి తల్లిదండ్రులకు చెబుతూ వచ్చాను. ఈ అలవాటును ఇంట్లో స్నానం దగ్గరే మొదలుపెట్టవచ్చు. కాళ్ళు చాపి కూర్చుని, మన పాతకాలపు పద్ధతిలో బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా వేసుకొని, తల పోసేటప్పుడు చెవుల పక్కగా గోరువెచ్చని నీళ్ళను చెంబుతో నెమ్మదిగా, కబుర్లు చెబుతూ పోయండి. అలా వారం రోజులు గడిచిన బిడ్డకు కొలనులో సగం పని అయిపోయినట్టే.

మూడో రోజు నుంచి బిడ్డను భుజం మీద నుంచి దించి ఒక అరచేతిని మాడు వెనుక, రెండో అరచేతిని పిర్రల పైభాగాన ఉంచండి. గడ్డం కాస్త ఆకాశం వైపు లేవాలి, బొడ్డు నీటి మట్టానికి రావాలి. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు ఒళ్ళు కాస్త పైకి లేస్తుంది, వదిలినప్పుడు దిగుతుంది. మీ అరచేతికి ఆ లేవడం, దిగడం తెలుస్తుంది, అది తెలిసేదాకా చేతిని తీయవద్దు. తరువాత నడుము కింద ఉన్న చేతిని ముందుగా తీసి, తల కింద ఉన్న అరచేతిని రెండు వేళ్ళకు తగ్గించండి. చివరి రెండు వేళ్ళు తీయడం అన్నిటికన్నా ఆఖరున జరగాలి, అదీ మొదటిసారి మూడు లెక్కబెట్టేంతసేపే. మూడు ఐదుగా, ఐదు పదిగా పెరగడానికి కొందరికి వారం పడుతుంది, కొందరికి నెల పడుతుంది. పక్కింటి బిడ్డతో పోల్చి తొందరపెట్టకండి.

తేలడం వచ్చాకే తిరగడం. బిడ్డను బోర్లాగా, గడ్డం నీటికి ఆనేలా, ఛాతీ కింద ఒక చేయి వేసి పట్టుకోండి. "తిరుగు నాన్నా" అనో "తిరుగమ్మా" అనో ఒకే మాట ప్రతిసారీ వాడండి. ఆ మాట అంటూనే రెండో చేత్తో దాని చెంపను పక్కకు, పైకి తిప్పండి. తల తిరిగితే భుజం వస్తుంది, భుజం వస్తే నడుము వస్తుంది; పక్క మీద పొర్లే బిడ్డలో మీరు చూసిన వరుసే ఇది. నడుము పట్టి తిప్పితే తల ఆఖరున వస్తుంది, ఆ లోపల ముఖం మునిగి బిడ్డ నీళ్ళు మింగుతుంది. తిరగడం పూర్తయ్యేసరికి మీ చేయి తల కిందకు చేరి ఉండాలి. రోజుకు ఐదారు తిరుగుళ్ళు చాలు. ఏడ్చినప్పుడు ఆపి భుజానికెత్తుకోండి, అయితే వెంటనే గట్టు ఎక్కించకుండా కాసేపు నీళ్ళలోనే సముదాయించండి.

పెదవులు నీలంగా మారినా, గడ్డం వణికినా పాఠం ఆపి ఒళ్ళు తుడవండి. పొట్ట ఉబ్బినట్టు కనబడినా, వాంతి అయినా, బిడ్డ మత్తుగా తూలుతున్నా చాలా నీళ్ళు మింగిందని అర్థం. పసిపిల్లల రక్తంలో ఉప్పు పలుచబడితే ఫిట్స్ దాకా వెళ్ళవచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మునిగి ఊపిరి ఆగిన బిడ్డను తలకిందులుగా పట్టి ఊపడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం చేయకూడదు. 108కి ఫోన్ చేయిస్తూనే నోటితో ఊపిరులు ఇవ్వాలి, ఛాతీ నొక్కాలి. దాన్ని ఐదో పాఠంలో విడిగా నేర్చుకొంటాం.

ఈ పాఠం వచ్చిన బిడ్డను నీటి దగ్గర ఒక్క క్షణమైనా ఒంటరిగా వదలవచ్చని ఎవరూ అనుకోకూడదు. ఐదేళ్ళలోపు బిడ్డ నీటి దగ్గర ఉన్నంతసేపూ మీ చెయ్యి చాపితే అందాలి; ఫోన్ మోగినా, పాలు పొంగినా బిడ్డను చంకన వేసుకొనే వెళ్ళాలి. నీళ్ళలో బిడ్డ సంపాదించుకొనే ఆ నిమిషమో రెండు నిమిషాలో, మీరు పరుగెత్తుకొని రావడానికి పనికొచ్చే సమయం. అక్క ఐదడుగుల దూరంలో ఉండి కూడా చూడలేకపోయింది.

మీ వేలు తగలకుండా బిడ్డ ఇరవై లెక్కబెట్టేంతసేపు వెల్లకిలా తేలి, "తిరుగు" అన్న మాటకు తనంతట తానే తల తిప్పడం వరుసగా మూడు రోజులు చేస్తే ముందుకు వెళ్ళవచ్చు. మధ్యలో ఒక రోజు తప్పినా మూడూ మళ్ళీ మొదటి నుంచి లెక్కించండి. నాలుగో పాఠానికి బిడ్డ పాత నూలు చొక్కా, లాగు ఒక జత తీసి పెట్టుకోండి. పిల్లలు నీళ్ళలో పడేది ఒంటి మీది బట్టలతోనే కాబట్టి, ఇదే తిరుగుడును తడిసి బరువెక్కిన బట్టలతో చేయిస్తాం.